సేఫ్టీ స్థానం: గట్టి దెబ్బ, కవరేజ్ నైపుణ్యం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రక్షణ జట్టు తరఫున అందరికన్నా వెనక నిలబడే ఆటగాణ్ని సేఫ్టీ అంటారు. మైదానంలో ఉండే 11 మంది రక్షకుల్లో సాధారణంగా ఇద్దరు సేఫ్టీలు ఉంటారు. ముందు వరసలో ఎవరు పొరపాటు చేసినా దిద్దే బాధ్యత వీళ్లది. వీళ్లు పొరపాటు చేస్తే దిద్దడానికి వెనక ఎవరూ ఉండరు, ప్రత్యర్థికి టచ్‌డౌన్ వస్తుంది.

ఈ స్థానానికి రెండు రకాల పేరుంది. పరుగున వచ్చి ఎదుటివాణ్ని నేలకూల్చే గట్టి దెబ్బ ఒకటి. బంతి ఎటు వెళుతుందో ముందే పసిగట్టి, పాస్‌ను ఆపే లేదా అందుకునే కవరేజ్ నైపుణ్యం రెండోది. ఏది ముఖ్యమన్న వాదన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, దశాబ్దాలుగా నడుస్తోంది. 1920లో మొదలైన ఈ లీగ్ చరిత్ర మొత్తం చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. దెబ్బ సేఫ్టీకి పేరు తెచ్చింది. జట్టును కాపాడింది మాత్రం కవరేజే. గొప్ప సేఫ్టీల్లో ఆ రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి: ఆటను చదివి, అందరికన్నా ముందు సరైన చోటికి చేరగలగడం.

మైదానంలో స్థానం, విధులు

ఫుట్‌బాల్ మైదానం 100 గజాల పొడవు, 53 గజాలకు కాస్త ఎక్కువ వెడల్పు ఉంటుంది. రెండు చివరలా పది గజాల చొప్పున ఎండ్ జోన్లు ఉంటాయి. బంతి కదలకముందు సేఫ్టీ సాధారణంగా 10 నుంచి 15 గజాల వెనక నిలబడతాడు. అక్కడి నుంచి అతనికి ఎదుటి జట్టు అమరిక అంతా కనిపిస్తుంది. అందుకే చాలా జట్లలో వెనక వరసకు సూచనలిచ్చే పని సేఫ్టీదే. పాస్ అందుకునే రిసీవర్ చోటు మారగానే ఎవరు ఎవరిని చూసుకోవాలో అరిచి చెప్పేది అతనే.

సంప్రదాయంగా ఈ ఇద్దరినీ ఫ్రీ సేఫ్టీ, స్ట్రాంగ్ సేఫ్టీ అని వేరు చేసేవారు. ఫ్రీ సేఫ్టీ లోతుగా ఉండి పాస్‌లను కాపాడతాడు. స్ట్రాంగ్ సేఫ్టీ ముందుకు వచ్చి, లైన్ చివర నిలబడే టైట్ ఎండ్ ఉన్న వైపు నిలబడి, పరుగు ఆటను అడ్డుకుంటాడు. కాస్త బరువు, బలం ఎక్కువున్నవాణ్ని స్ట్రాంగ్ సేఫ్టీగా, వేగం ఎక్కువున్నవాణ్ని ఫ్రీ సేఫ్టీగా ఎంచుకునేవారు. దెబ్బకొకడు, కవరేజ్‌కొకడు అన్న ఆలోచనకు పునాది ఈ విభజనే.

కవరేజ్ ఎలా పనిచేస్తుంది

కవరేజ్ అంటే రిసీవర్ వెంట పరుగెత్తడం ఒక్కటే కాదు. చాలాసార్లు సేఫ్టీ మనిషిని కాదు, మైదానంలో ఒక ప్రాంతాన్ని కాపాడతాడు. కవర్ 2 పద్ధతిలో ఇద్దరు సేఫ్టీలూ వెనక ఉండి చెరిసగం మైదానం చూసుకుంటారు. కవర్ 3లో ఒక సేఫ్టీ నడిమధ్య లోతైన మూడో వంతును ఒంటరిగా కాస్తాడు. రెండు అంచులూ అక్కడ కాపలా కాసే కార్నర్‌బ్యాక్‌లవి. రెండో సేఫ్టీ పరుగును ఆపడానికి ముందుకు దిగుతాడు. క్వార్టర్స్‌లో ఇద్దరు సేఫ్టీలు, ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లు కలిసి వెనక భాగాన్ని నాలుగు భాగాలుగా పంచుకుంటారు. కవర్ 1లో మిగిలినవాళ్లు తలా ఒక ఆటగాణ్ని పట్టుకుంటే ఒక సేఫ్టీ వెనక ఒంటరిగా ఉంటాడు.

కవర్ 3లో మధ్యలో ఉన్న సేఫ్టీ పరిస్థితి గమనిస్తే ఈ పని కష్టం అర్థమవుతుంది. దాడి జట్టు నలుగురు రిసీవర్లను నేరుగా లోతుకు పంపిందనుకుందాం. అంచుల్లో ఉన్న ఇద్దరినీ కార్నర్‌బ్యాక్‌లు చూసుకుంటారు. లోపలి ఇద్దరు సేఫ్టీకి చెరోపక్కన దూసుకొస్తారు. ఇతను ఒక్కడు, వాళ్లు ఇద్దరు. ఒక పక్కకు ముందే మొగ్గితే బంతి రెండో పక్కకు పోతుంది. మధ్యలోనే నిలబడిపోతే ఎటూ అందదు. పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు కూడా ఈ సంగతి తెలుసు. కావాలని ఎడమవైపు చూస్తూ సేఫ్టీని అటు లాగి, చివరి క్షణంలో కుడివైపు విసురుతాడు. మంచి సేఫ్టీ ఆ చూపును పూర్తిగా నమ్మడు. క్వార్టర్‌బ్యాక్ భుజం ఎటు తిరుగుతోంది, పాదం ఎటు పడుతోంది, ఇలాంటి అమరికలో ఈ జట్టు ఇంతకుముందు ఏం చేసింది అన్నవన్నీ కలిపి, బంతి చెయ్యి వదిలే లోపే కదలడం మొదలుపెడతాడు. ఆ అర క్షణమే, ఎదుటి జట్టు పాస్‌ను పట్టేసే ఇంటర్‌సెప్షన్‌కూ టచ్‌డౌన్‌కూ మధ్య తేడా.

కవరేజ్‌కు దక్కాల్సిన గుర్తింపు దక్కకపోవడానికీ కారణం ఇక్కడే ఉంది. సేఫ్టీ సరైన చోట ఉన్నాడని చూసి క్వార్టర్‌బ్యాక్ బంతి అటు విసరకపోతే, ఆ పనిని స్కోరుకార్డు నమోదు చేయదు. టీవీ ప్రసారంలో కూడా ఎక్కువసేపు కెమెరా బంతి చుట్టూనే ఉంటుంది కనుక లోతైన సేఫ్టీ తెర మీదే కనిపించడు. దెబ్బ మాత్రం అందరికీ కనిపిస్తుంది, వినిపిస్తుంది, పదే పదే చూపిస్తారు.

దెబ్బ, పట్టు

గట్టి దెబ్బకు ఆటలో నిజమైన ప్రయోజనాలున్నాయి. బంతి అందుకుంటున్న క్షణంలో తగిలితే పాస్ చెయ్యి జారుతుంది. పరుగులో ఉన్నవాడికి తగిలితే బంతి ఊడి ఫంబుల్ అవుతుంది. మైదానం మధ్యకు వచ్చే రిసీవర్‌కు ఒకసారి తగిలిన దెబ్బ గుర్తుంటే, తర్వాతి పాస్ వైపు చెయ్యి పూర్తిగా చాచడానికి వెనకాడతాడు. ఈ భయం లెక్కల్లోకి రాదు గానీ, ఆడినవాళ్లందరూ దాన్ని ఒప్పుకుంటారు.

ఇలాంటి దెబ్బల్లో నేటికీ చెప్పుకునేది 1990 సెప్టెంబరు 17న డెన్వర్‌లో పడింది. కాన్సస్ సిటీ చీఫ్స్ తరఫున ఆడే నైజీరియా సంతతి ఆటగాడు, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ ఒకోయె బరువు సుమారు 118 కిలోలు. అతన్ని ఒంటరిగా ఎదురునిలిచి ఆపడం ఎవరివల్లా కాదని ఆ రోజుల్లో అనుకునేవారు. సోమవారం రాత్రి ప్రసారమైన ఆ మ్యాచ్‌లో ఒకోయె లైన్ మధ్య సందులోంచి దూసుకొస్తుంటే, అతనికన్నా దాదాపు 20 కిలోలు తక్కువున్న డెన్వర్ బ్రాంకోస్ సేఫ్టీ స్టీవ్ అట్‌వాటర్ ఎదురువెళ్లి ఢీకొన్నాడు. ఒకోయె అక్కడికక్కడే ఆగి వెనక్కి పడ్డాడు. ఆ ఆటను మళ్లీ చూస్తే బలంతో పాటు ఇంకోటి కూడా కనిపిస్తుంది. పరుగు ఏ సందులోంచి వస్తుందో అట్‌వాటర్ ముందే చదివాడు. ఒకోయె పూర్తి వేగం అందుకోకముందే ఆ సందు దగ్గరికి చేరాడు. అట్‌వాటర్‌కు 2020లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

అయితే దెబ్బ వేరు, ట్యాకిల్ వేరు. భుజం మాత్రమే విసిరి చేతులు చుట్టని సేఫ్టీ దెబ్బ తగిలితే హీరో, తప్పితే జట్టుకు నష్టం. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని ఎంత గట్టిగా గుద్దావని ఎవరూ అడగరు, గీత దాటకుండా పట్టావా లేదా అనే చూస్తారు. చివరి వరసలో ఉన్న సేఫ్టీకీ లెక్క అదే. సియాటిల్ సీహాక్స్ కోచ్ పీట్ క్యారల్ 2014లో రగ్బీ పద్ధతి ట్యాకిల్‌ను నేర్పే వీడియోను శిక్షకుల కోసం విడుదల చేశారు. తలను పక్కకు ఉంచి, భుజాన్ని తొడలకు ఆనించి, చేతులు బిగించి పడగొట్టడం ఆ పద్ధతి. ఆ రోజుల్లో లీగ్‌లో అందరూ భయపడే రక్షణ వరస ఆయన జట్టుదే కావడంతో ఆ వీడియోకు విలువ వచ్చింది.

తొలి తరాలు

ఫార్వర్డ్ పాస్ 1906లోనే చట్టబద్ధమైనా, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లైన్ వెనక ఎక్కడి నుంచైనా పాస్ విసరడానికి అనుమతి 1933లో వచ్చింది. 1950లో ఆటగాళ్ల మార్పిడిపై పరిమితులు శాశ్వతంగా తొలగడంతో రక్షణకే ప్రత్యేకంగా ఆటగాళ్లను తయారుచేసుకునే వీలు కలిగింది. ఆ ఏడాదే న్యూయార్క్ జెయింట్స్ కోచ్ స్టీవ్ ఓవెన్, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ పాసింగ్ ఆటను ఆపడానికి అంబ్రెల్లా అనే అమరికను ప్రయోగించారు. అంతవరకు ఒక్క మ్యాచ్‌లోనూ ఖాతా తెరవకుండా ఓడని బ్రౌన్స్‌ను జెయింట్స్ 6-0తో ఓడించారు.

ఆ అమరికకు వెనకనున్న సేఫ్టీ ఎమ్లెన్ టన్నెల్. 1948 నుంచి 1961 వరకు జెయింట్స్, ప్యాకర్స్ తరఫున ఆడి 79 ఇంటర్‌సెప్షన్లు సాధించారు. 1967లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి నల్లజాతి ఆటగాడు ఆయనే. ఆ రికార్డును దాటింది పాల్ క్రౌజ్. 1964లో మొదటి సీజన్‌లోనే 12 ఇంటర్‌సెప్షన్లు పట్టి, 1979లో విరమించేనాటికి 81కి చేర్చారు. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. క్రౌజ్ దెబ్బలకు పేరుపడ్డవాడు కాదు. మిన్నెసోటా వైకింగ్స్ లైన్ ముందు క్వార్టర్‌బ్యాక్‌ను తొందరపెడుతుంటే, ఈయన వెనక నిలబడి ఆ తొందరలో వచ్చిన పాస్‌ల కోసం కాచుకునేవారు. అంత రికార్డున్నా హాల్ ఆఫ్ ఫేమ్ పిలుపు 1998 దాకా రాలేదు. కవరేజ్ మీదే బతికిన సేఫ్టీకి ఆనాటి ఓటర్లు ఎంత విలువిచ్చారో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

దెబ్బ వైపు కొత్త దారి తెరిచినవారు సెయింట్ లూయిస్ కార్డినల్స్ సేఫ్టీ లారీ విల్సన్. వెనకుండాల్సిన సేఫ్టీ బంతి కదలగానే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే సేఫ్టీ బ్లిట్జ్ 1960లలో ఆయనతోనే ప్రసిద్ధమైంది. కానీ 1965లో పిట్స్‌బర్గ్ మీద ఆయన చేసిన పని కవరేజ్ వైపుకు చెందింది. రెండు చేతులూ విరిగి కట్లు కట్టుకుని ఉండగానే ఒక పాస్‌ను అడ్డగించి పట్టుకున్నారు.

1978: ఒక మలుపు

1970లలో దెబ్బకు ఎదురులేదు. ఓక్లండ్ రైడర్స్ సేఫ్టీ జాక్ టేటమ్‌ను అసాసిన్, అంటే హంతకుడు, అనే పేరుతో పిలిచేవారు. ఆ పేరుతోనే 1980లో ఆయన ఆత్మకథ వచ్చింది. 1978 ఆగస్టు 12న ఓక్లండ్‌లో సీజన్‌కు ముందు జరిగే సన్నాహక మ్యాచ్‌లో, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ రిసీవర్ డారిల్ స్టింగ్లీ మైదానం మధ్యలో అందని పాస్ కోసం ముందుకు వంగారు. టేటమ్ దెబ్బ ఆయనకు తగిలింది. మెడ వెన్నుపూసలు విరిగి కాళ్లూ చేతులూ పడిపోయాయి. అప్పటి నియమాల ప్రకారం అది తప్పు కాదు, పెనాల్టీ కూడా ఇవ్వలేదు. స్టింగ్లీ మిగిలిన జీవితమంతా చక్రాల కుర్చీలో గడిపి 2007లో, 55వ ఏట మరణించారు. సీజన్ ఫలితం మీద ఏ ప్రభావమూ లేని ఒక సన్నాహక మ్యాచ్‌లో, పట్టుబడని ఒక పాస్ దగ్గర ఇది జరిగింది. దెబ్బను ఆట సరదాగా చూసే ప్రతి ఒక్కరూ ఈ వాస్తవాన్ని మర్చిపోకూడదు.

అదే ఏడాది లీగ్ మరో దిశలో మార్పు తెచ్చింది. బంతి లైన్ నుంచి ఐదు గజాలు దాటాక రిసీవర్‌ను చేతులతో నెట్టడం, అడ్డగించడం నిషేధించింది. దాంతో రిసీవర్లకు స్వేచ్ఛ పెరిగింది, పాస్‌లు పెరిగాయి. కవరేజ్ చేతకాని సేఫ్టీకి దాక్కునే చోటు తగ్గడం అప్పుడే మొదలైంది.

రెండూ ఒకరిలో

1980ల నుంచి వచ్చిన గొప్ప సేఫ్టీలు ఈ రెండింటినీ కలిపారు. రోనీ లాట్ 1981లో కార్నర్‌బ్యాక్‌గా శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌లో చేరి, 1985లో సేఫ్టీగా మారారు. ఆ సీజన్‌లో నలిగిన చిటికెన వేలి కొసను తర్వాత తీసేయించుకున్న సంగతి ఆయన మొండితనానికి గుర్తుగా నిలిచింది. తరచూ మర్చిపోయేది దాని తర్వాతి ఏడాది సంగతి. 1986లో 10 ఇంటర్‌సెప్షన్లతో లీగ్‌లో మొదటి స్థానం ఆయనదే. కార్నర్‌బ్యాక్‌గా నేర్చుకున్న కవరేజ్ ఉండబట్టే దెబ్బ కొట్టే చోటికి ముందుగా చేరగలిగారు.

రోడ్నీ హ్యారిసన్ దెబ్బలకు లీగ్ చాలాసార్లు జరిమానా విధించింది, 2002లో రిసీవర్ జెర్రీ రైస్ మీద కొట్టిన దెబ్బకు ఒక మ్యాచ్ నిషేధించింది. అదే హ్యారిసన్ 30 శాక్‌లు (పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం), 30 ఇంటర్‌సెప్షన్లు రెండూ సాధించిన తొలి ఆటగాడు. ఫిలడెల్ఫియా ఈగల్స్ సేఫ్టీ బ్రయన్ డాకిన్స్ 2002లో హ్యూస్టన్ మీద ఒకే మ్యాచ్‌లో శాక్, ఇంటర్‌సెప్షన్, ఫంబుల్ చేయించడం, పాస్ అందుకుని టచ్‌డౌన్ అన్నీ చేశారు.

టాంపా బే బకనీర్స్ కథ మరో కోణం చూపిస్తుంది. కోచ్ టోనీ డంజీ, మాంటీ కిఫిన్‌లు అక్కడ కవర్ 2ను తమ పద్ధతిలో మలిచారు. సేఫ్టీ జాన్ లించ్ దెబ్బలు ఆ జట్టుకు ముఖచిత్రం. అయితే 2003 జనవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో రైడర్స్‌ను 48-21తో ఓడించినప్పుడు అత్యుత్తమ ఆటగాడి పురస్కారం దక్కింది రెండో సేఫ్టీ డెక్స్‌టర్ జాక్సన్‌కు. మొదటి అర్ధభాగంలోనే రెండు ఇంటర్‌సెప్షన్లు పట్టినందుకు.

2004 నుంచి 2010 వరకు ఏడేళ్లలో ముగ్గురు సేఫ్టీలకు లీగ్ ఉత్తమ రక్షణ ఆటగాడి పురస్కారం వచ్చింది. 2004లో బాల్టిమోర్ రేవెన్స్‌కు చెందిన ఎడ్ రీడ్, 2007లో ఇండియానాపోలిస్ కోల్ట్స్‌కు చెందిన బాబ్ శాండర్స్, 2010లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు చెందిన ట్రాయ్ పొలమాలు. మూడు రకాల సేఫ్టీలు వీళ్లు.

రీడ్ కవరేజ్‌కు పరాకాష్ఠ. మ్యాచ్ వీడియోలు గంటల తరబడి చూసి క్వార్టర్‌బ్యాక్ అలవాట్లు పట్టేసేవారు. తన చోటు వదిలేసినట్టు నటించి, పాస్ విసరగానే మళ్లీ అక్కడే ప్రత్యక్షమయ్యేవారు. మూడు సీజన్లలో ఇంటర్‌సెప్షన్లలో లీగ్‌కు మొదటివారు. 2010లో గాయం వల్ల పది మ్యాచ్‌లే ఆడినా ఆ స్థానం ఆయనదే. మొత్తం 64 ఇంటర్‌సెప్షన్లు. 2008లో ఫిలడెల్ఫియా మీద ఒక పాస్ పట్టి 107 గజాలు పరుగెత్తి రికార్డు నెలకొల్పారు.

శాండర్స్ పొట్టివాడు, సుమారు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. శరీరాన్ని మొత్తం ఆయుధంలా విసిరేవారు. 2006 సీజన్‌లో గాయాలతో నాలుగే మ్యాచ్‌లు ఆడితే, పరుగును ఆపడంలో కోల్ట్స్ లీగ్‌లో చివరి స్థానానికి పడిపోయారు. నాకౌట్ దశకు ఆయన తిరిగిరాగానే ఆ రక్షణ నిలదొక్కుకుని జట్టు సూపర్ బౌల్ గెలిచింది. దెబ్బకు విలువ లేదనేవాళ్లకు ఇదే జవాబు. కానీ ఆ ఆటతీరు ఆయన్ను ఎనిమిది సీజన్లలో 50 మ్యాచ్‌లకే పరిమితం చేసింది.

పొలమాలు వాళ్లిద్దరికీ నడిమధ్య. బంతి కదిలే క్షణాన్ని పసిగట్టి లైన్ మీదుగా ఎగిరి క్వార్టర్‌బ్యాక్ మీద పడేవారు. మరుసటి ఆటలోనే 20 గజాల వెనక పాస్ పట్టేవారు. ఎక్కడుంటారో తెలియకపోవడమే ఆయన బలం.

సియాటిల్ జంట

రెండు నైపుణ్యాలు ఒకరిలో దొరకనప్పుడు ఇద్దరిలో వెతుక్కోవాలి. కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2010లో సీహాక్స్ మొదటి రౌండ్‌లో ఎర్ల్ థామస్‌ను, ఐదో రౌండ్‌లో క్యామ్ చాన్సలర్‌ను ఎంచుకున్నారు. థామస్ తేలికైన శరీరం, అసాధారణ వేగం. చాన్సలర్ ఆరడుగుల మూడంగుళాలు, లైన్‌బ్యాకర్ లాంటి బరువు. క్యారల్ కవర్ 3 అమరికలో థామస్ ఒక్కడే లోతైన మధ్యభాగాన్ని అంచు నుంచి అంచుకు కాసేవారు. ఆ భరోసాతోనే చాన్సలర్ ముందుకు దిగి, మధ్యలోకి వచ్చే రిసీవర్లను, రన్నింగ్ బ్యాక్‌లను కొట్టగలిగేవారు. 2012 నుంచి 2015 వరకు వరసగా నాలుగు సీజన్లు లీగ్‌లో అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు ఇదే.

2014 ఫిబ్రవరి 2న సూపర్ బౌల్‌లో ఎదురైంది ఆ సీజన్‌లో 606 పాయింట్లతో రికార్డు సృష్టించిన డెన్వర్. ఆట ఆరంభంలోనే డెన్వర్ రిసీవర్ డెమేరియస్ థామస్ అడ్డంగా వస్తూ పాస్ అందుకోగానే చాన్సలర్ దెబ్బకు వెనక్కి ఎగిరిపడ్డారు. మొదటి క్వార్టర్ ముగియకముందే అదే చాన్సలర్ డెన్వర్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మ్యానింగ్ పాస్‌ను అడ్డగించి పట్టుకున్నారు. చివరికి స్కోరు 43-8. చాన్సలర్ దెబ్బను జనం గుర్తుపెట్టుకున్నారు. ఆ దెబ్బకు వీలు కల్పించిన ఎర్ల్ థామస్ లోతు కాపలాను శిక్షకులు గుర్తుపెట్టుకున్నారు. తర్వాత చాలా జట్లు ఇదే పద్ధతిని అనుకరించాయి. ఎర్ల్ థామస్ లాంటివాడు దొరక్క ఎక్కువ జట్లు విఫలమయ్యాయి.

నియమాలు మారిన తీరు

దెబ్బకు హద్దులు ఒక్కొక్కటిగా వచ్చాయి. 2004 సీజన్‌లో డాలస్ కౌబాయ్స్ సేఫ్టీ రాయ్ విలియమ్స్ వెనక నుంచి మెడ దగ్గర జెర్సీ, ప్యాడ్లు పట్టి లాగడంతో రిసీవర్ టెరెల్ ఓవెన్స్ తదితరులు గాయపడ్డారు. 2005లో ఆ రకం ట్యాకిల్‌ను నిషేధించారు. 2010 అక్టోబరులో ఒకే వారాంతంలో తలకు తగిలిన దెబ్బలకు లీగ్ ముగ్గురికి భారీ జరిమానాలు వేసింది. లైన్‌బ్యాకర్ జేమ్స్ హ్యారిసన్‌కు 75 వేల డాలర్లు, సేఫ్టీ బ్రాండన్ మెరివెదర్‌కు, కార్నర్‌బ్యాక్ డంటా రాబిన్సన్‌కు 50 వేల చొప్పున. తనను తాను కాపాడుకోలేని స్థితిలో ఉన్న రిసీవర్ తల, మెడల మీద కొట్టడాన్ని అప్పటి నుంచి కఠినంగా చూస్తున్నారు. 2018లో తల వంచి హెల్మెట్‌తో ఎవరిని ఢీకొన్నా తప్పేనన్నారు. 2024లో వెనక నుంచి పట్టుకుని శరీరం బరువంతా ఎదుటివాడి కాళ్ల మీద పడేలా తిరిగే ట్యాకిల్‌ను కూడా నిషేధించారు.

వీటివల్ల ఆట మెత్తబడిందని ఫిర్యాదు చేసేవాళ్లున్నారు. నిజానికి నియమాలు తీసేసింది ట్యాకిల్‌ను కాదు, తలతో కొట్టే సులువు దారిని. తప్పు దెబ్బకు 15 గజాల శిక్ష పడితే మూడో ప్రయత్నంలో ఆగాల్సిన ప్రత్యర్థి మళ్లీ ఆడతాడు. అందుచేత అదుపులేని దెబ్బ ఇప్పుడు రక్షణ తప్పు కిందే లెక్క.

శరీరం చెల్లించే మూల్యం

ఈ చర్చలో అన్నిటికన్నా బరువైన అధ్యాయం మెదడు గాయాలది. 2002లో మరణించిన స్టీలర్స్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడులో పదే పదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే క్షీణవ్యాధి సీటీఈని డాక్టర్ బెనెట్ ఒమాలు గుర్తించారు. ఆ తర్వాత ఇద్దరు సేఫ్టీల మరణాలు లీగ్‌ను కుదిపాయి. దెబ్బలకు పేరుపడ్డ ఫిలడెల్ఫియా మాజీ సేఫ్టీ ఆండ్రే వాటర్స్ 2006లో ఆత్మహత్య చేసుకున్నారు. 1985 చికాగో బేర్స్ విజేత జట్టులోని డేవ్ డ్యూర్సన్ 2011లో తన మెదడును పరిశోధనకు ఇవ్వాలని కోరి ప్రాణం తీసుకున్నారు. ఇద్దరి మెదళ్లలోనూ సీటీఈ బయటపడింది. మాజీ ఆటగాళ్ల దావాలపై 2013లో లీగ్ 76.5 కోట్ల డాలర్ల పరిష్కారానికి అంగీకరించింది. తర్వాత ఆ పరిమితిని తొలగించారు.

మెడ గాయంతో చాన్సలర్ ఆట 2017లో ముగిసింది. 2023 జనవరి 2న సిన్సినాటిలో బఫలో బిల్స్ సేఫ్టీ డమార్ హామ్లిన్ మామూలు ట్యాకిల్ ఒకటి చేసి లేచి నిలబడి, వెంటనే కుప్పకూలారు. ఛాతీకి తగిలిన దెబ్బతో గుండె ఆగింది. వైద్య సిబ్బంది మైదానంలోనే ప్రాణం నిలబెట్టారు. తర్వాతి సీజన్‌లో ఆయన తిరిగి ఆడారు.

రెండు పొరపాట్లు

సేఫ్టీ విలువ విజయాల్లోకన్నా ఓటముల్లో బాగా తెలుస్తుంది. 2013 జనవరి 12న నాకౌట్ మ్యాచ్‌లో డెన్వర్ ఏడు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. ఆట ముగియడానికి అర నిమిషమే మిగిలింది. బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో ఎత్తుగా, దూరంగా బంతి విసిరారు. సేఫ్టీ రహీమ్ మూర్ చేయాల్సింది ఒక్కటే, రిసీవర్ జకోబీ జోన్స్‌కు వెనక ఉండటం. బంతి దూరాన్ని తప్పుగా అంచనావేసి ముందుగా ఎగిరారు, బంతి తల మీదుగా పోయింది. 70 గజాల టచ్‌డౌన్. బాల్టిమోర్ అదనపు సమయంలో గెలిచి, ఆపై సూపర్ బౌల్ కూడా గెలిచింది.

2018 జనవరి 14న మినియాపోలిస్‌లో దీనికి విరుద్ధమైన పొరపాటు జరిగింది. పది సెకన్లు మిగిలాయి, న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ ఒక పాయింటు ఆధిక్యంలో ఉన్నారు. మిన్నెసోటా రిసీవర్ స్టెఫాన్ డిగ్స్ అంచు దగ్గర గాల్లోకి లేచి పాస్ పట్టారు. సేఫ్టీ మార్కస్ విలియమ్స్ సరైన చోటికే వచ్చారు. డిగ్స్‌ను మైదానం లోపలే పట్టుకుని పడేస్తే సమయం అయిపోయేది. విలియమ్స్ తల కిందికి వంచి కాళ్ల మీదికి దూకారు, తగల్లేదు, తన జట్టువాడినే కూల్చారు. డిగ్స్ ఒంటరిగా పరుగెత్తి 61 గజాల టచ్‌డౌన్ చేశారు. స్కోరు 29-24.

ఆ మ్యాచ్‌లోనే విలియమ్స్ ఒక ఇంటర్‌సెప్షన్ పట్టారని చాలామందికి గుర్తులేదు. జట్లు మాత్రం మర్చిపోలేదు. లోతును కాయగల సేఫ్టీగా ఆయన ఎదిగారు, 2022లో బాల్టిమోర్ ఐదేళ్లకు ఏడు కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. ఒక్క ట్యాకిల్ తప్పినవాడి కవరేజ్‌కు దక్కిన విలువ అది.

జట్లు కట్టే విలువ

మార్కస్ విలియమ్స్ కథకు ఎదురుగా నిలిచే ఉదాహరణ సేఫ్టీ జమాల్ ఆడమ్స్. న్యూయార్క్ జెట్స్ నుంచి ఆయన్ను తెచ్చుకోవడానికి 2020లో సియాటిల్ రెండు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికలు సహా భారీ మూల్యం చెల్లించింది. ఆ సీజన్‌లో ఆడమ్స్ 9.5 శాక్‌లతో వెనక వరస ఆటగాళ్లలో రికార్డు నెలకొల్పారు. మరుసటి ఏడాది నాలుగేళ్లకు ఏడు కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది. కానీ ముందుకు దూకి కొట్టే బలం లోతును కాయడంలో కనిపించలేదు. 2021లో ఒక్క శాక్ రాలేదు, తర్వాత వరస గాయాలు పట్టుకున్నాయి. 2024 మార్చిలో జట్టు ఆయన్ను వదులుకుంది. ఒకే పని మీద ఆధారపడ్డ సేఫ్టీని ప్రత్యర్థులు చదివేస్తే మిగిలేది తక్కువని ఈ కథ చెబుతుంది.

ఇప్పుడు ఆటగాళ్ల భుజాల ప్యాడ్లలో అమర్చిన చిప్‌లు ప్రతి కదలికనూ నమోదు చేస్తున్నాయి. పాస్ విసిరినప్పుడు సేఫ్టీ ఎక్కడున్నాడు, ఎంత వేగంగా చేరాడు, రిసీవర్‌కు ఎంత దూరంలో ఉన్నాడు అన్నవి కొలుస్తున్నారు. కంటికి కనిపించని కవరేజ్‌కు ఆలస్యంగానైనా లెక్క దొరికింది.

నేటి సేఫ్టీ

నేడు దాడి జట్లు ఎక్కువగా ముగ్గురు రిసీవర్లతో మైదానమంతా పరుచుకుంటున్నాయి. లోతైన పాస్‌లను ఆపడానికి ఇద్దరు సేఫ్టీలనూ వెనక నిలిపి, బంతి కదిలాక అసలు అమరికలోకి మారే పద్ధతిని కోచ్ విక్ ఫాంజియో, ఆయన శిష్యులు విస్తృతంగా వ్యాపింపజేశారు. ఇందులో ఇద్దరు సేఫ్టీలూ ఒకేలా కనిపించాలి, ఎవరైనా ఏ పనైనా చేయగలగాలి. ఫ్రీ, స్ట్రాంగ్ అన్న పాత విభజన దీంతో చెరిగిపోతోంది. ఆరడుగుల నాలుగంగుళాల బాల్టిమోర్ సేఫ్టీ కైల్ హ్యామిల్టన్ ఒకే మ్యాచ్‌లో లోతుగా నిలబడతాడు, రిసీవర్‌ను ఎదురుగా కాస్తాడు, బ్లిట్జ్‌కు వెళతాడు. టైరన్ మాథ్యూ అంత ఎత్తు, బరువు లేకుండానే ఇదే పనిని ఏళ్ల తరబడి చేసి చూపించారు.

కాబట్టి దెబ్బా కవరేజా అన్న ప్రశ్నకు చరిత్ర ఒక వరసక్రమంతో జవాబిస్తుంది. మొదట ఆటను చదవాలి, తర్వాత చోటికి చేరాలి, చేరాక పట్టు తప్పకుండా పడగొట్టాలి. ఈ మూడూ కుదిరాక, నియమాల లోపల, భుజంతో తగిలే గట్టి దెబ్బ జట్టుకు అదనపు లాభం. మొదటి మూడూ లేకుండా నాలుగోదాని మీద కట్టుకున్న పేరు ఎక్కువ కాలం నిలవలేదు, ఆ పేరు కోసం కొట్టినవాళ్లూ తిన్నవాళ్లూ శరీరాలతో వెల చెల్లించారు. సేఫ్టీలను ఎంచుకునే జట్లు, వాళ్లను తయారుచేసే శిక్షకులు, వాళ్ల ఆట చూసి చప్పట్లు కొట్టే అభిమానులు ఈ వరసను తలకిందులు చేయకుండా ఉంటే ఆటకూ మేలు, ఆడేవాళ్లకూ మేలు.